కాలేయానికి కాంపౌండు గోడ

ఒక్క మాటకి రెండు అర్థాలుంటే కవులు దాన్ని శ్లేష అంటారు. ప్రభుత్వంలో దాన్నే టెండరు అంటారు.

మా జిల్లా పెద్దాసుపత్రి వెనక, రోడ్డువార, విడిగా ఒక పాత పెంకుటిల్లుంది. అదే కాలేయ విభాగం. దానికి డాక్టరు మందాకిని గారు. పేరు పలకబోతే ముందు మందే వినిపిస్తుంది. ఆవిడ దగ్గరికొచ్చే రోగుల్లో సగం మంది కూడా ఆ మందు వల్లే వస్తారు. ఆవిడ ఒక మందు మాన్పించి ఇంకో మందు రాసిస్తారు. మిగతా సగం మంది చుక్క ముట్టనివాళ్ళు. వాళ్ళకి కొవ్వు. తిట్టడం లేదండీ, కాలేయంలో.

వచ్చినవాళ్ళకి ఆవిడ చెప్పే పాఠం ఒక్కటే. దెబ్బ తగిలినచోట ఒంటిమీద మచ్చ పడ్డట్టే కాలేయంలోనూ పడుతుంది. మెత్తటిది నారకడుతుంది, నార ముదిరి రాయవుతుంది. లేతగా ఉన్నప్పుడే పట్టుకుంటే కొంత వెనక్కి మళ్ళుతుంది. సర్వీసు రిజిస్టరులో మచ్చ పడితే పైవాళ్ళని పట్టుకుంటే పోతుందిగాని, కాలేయంలో మచ్చ పడితే పైవాణ్ణి పట్టుకున్నా పోదు. తాగుడు మానాలి, నెలనెలా వచ్చి చూపించుకోవాలి.

ఈ పాఠం ఒంటబట్టించుకున్నవాళ్ళలో గౌరునాయుడు ఒకడు. తాపీ మేస్త్రీ. పనిలోనే తాపీ, తాగడంలో మహా తొందర. పచ్చబడ్డ కళ్ళతో భార్య పైడితల్లి రెక్క పట్టుకుని లాక్కొస్తే, మందాకిని గారు మచ్చని కొలిచే మిషను మీద పడుకోబెట్టి చూశారు. మచ్చ పడింది, ఇంకా ముదరలేదు. ఆ రోజునుంచి అతను మానేశాడు. నెలకోసారి వస్తాడు. మాత్రల కోసం కాదు, ఒక్క ప్రశ్న కోసం.

"మానేశావా, నాయుడూ?"

"మానీసినానమ్మా."

అంతే. అడిగే మనిషి ఉన్నారు గనక జవాబు సిద్ధంగా ఉంచుకునేవాడు. ఎందుకంటే ఆ పెంకుటింటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఆవలివైపున వైన్‌షాపుంది. ఇటొచ్చినా మందే, అటెళ్ళినా మందే. ఎటు తిరగాలో నెలకోసారి ఆ ప్రశ్న తిప్పేది.

ఇంతలో ఊళ్ళోకి జిన్‌సెంగ్ వచ్చింది. కొరియా దుంప. జిన్‌సెంగ్ టీ, జిన్‌సెంగ్ పొడి, జిన్‌సెంగ్ బిస్కత్తు. మంగలి షాపులో జిన్‌సెంగ్ మసాజు. ఒక స్వీటు కొట్టువాడైతే జిన్‌సెంగ్ జిలేబీ వేశాడు. అది తింటే కాలేయానికి తిప్పలే తప్ప తిప్పుకోవడం ఉండదని మందాకిని గారు గోలపెట్టారు. జనం వినలేదు. గౌరునాయుడూ వచ్చి అడిగాడు.

"ఆ దుంప తింటే కార్జం బాగవుద్దంటన్నారు. నిజమేనేటమ్మా?"

"ఎలకల్లో కొంచెం బాగయిందట. నువ్వు ఎలకవా?"

"మా ఆడది పిల్లినంటాదమ్మా. కనపడ్డ గిన్నిలోనల్లా మూతి ఎడతానని."

పిల్లి సంగతెలా ఉన్నా ఎలకల సంగతి తేల్చుకుందామని ఆవిడకి అనిపించింది. ఆ దుంపలోని పదార్థాలు కాలేయానికి మచ్చ పడకుండా కాపాడవచ్చునని ఎక్కడెక్కడో రాస్తున్నారు కదా, మనమూ నాలుగు ఎలకలకి పెట్టి చూస్తే జనానికి నిజం చెప్పచ్చు. పై ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక అర్జీ పెట్టారు. ఎలకలు కావాలన్నారు, బోను కావాలన్నారు. మొదటి వాక్యం ఇది: జిన్‌సెంగ్ కాంపౌండ్స్ మే ప్రొటెక్ట్ ద లివర్.

ఆ వాక్యంలో ఆవిడ ఏ తప్పూ చేయలేదు. పంపడమే తప్పు.

పై ఆఫీసులో సంయుక్త సంచాలకులు సర్వోత్తమరావు గారు. పెరుగన్నంలో ఆవకాయ ముక్క వెతుక్కున్నట్టు ఆయన ఏ ఫైల్లోనైనా తనకు తెలిసిన మాటలు వెతుక్కుంటారు. ఇందులో మూడు దొరికాయి. కాంపౌండు, అంటే ప్రహరీ గోడ. ప్రొటెక్టు, అంటే రక్షణ. గోడ రక్షణ కల్పిస్తుందన్నది ఆయన ఉద్యోగ జీవితమంతటిలోనూ ఎవరూ కాదనని సత్యం. మూడో మాట మే. అది నెల. మే నెలలో రక్షణ మొదలవ్వాలన్నమాట.

ఆయన అక్కడికక్కడే నోట్ రాయించారు. "పై విషయమును పురస్కరించుకొని, కాలేయ విభాగమునకు చుట్టును జిన్‌సెంగ్ సహిత కాంపౌండు నిర్మించుట మిక్కిలి సముచితమని భావించడమైనది. తత్సంబంధిత ఇంజనీరింగు విభాగము వారు మే మాసము దాటనీయక తగు చర్య గైకొనవలసినది. ఎలుకల విషయము తదుపరి పరిశీలించబడును."

ఇంజనీరింగు విభాగంలో కార్యనిర్వాహక ఇంజనీరు గోడే వెంకటపతి గారు. ఇంటిపేరే గోడే. ఆ పేరు పెట్టుకుని వంతెనలు కట్టమంటే ఎన్నడూ మనసు పెట్టలేదుగాని గోడ అనగానే ఆయన కళ్ళలో కొత్త సున్నం మెరిసింది. ఒక్కటే చిక్కు. ప్రభుత్వ రేట్ల పట్టికలో ఇసుకుంది, ఇటుకుంది, జిన్‌సెంగ్ లేదు. లేని వస్తువుకి బదులు దానితో సమానమైనది వాడచ్చని నిబంధన ఉంది. తత్సమ దుంప దొరకలేదు గనక తద్భవ దుంపతో సరిపెట్టారు. ముల్లంగి.

మందాకిని గారు పరుగున వెళ్ళి, అయ్యా, నేనన్న కాంపౌండు రసాయన పదార్థమండీ, గోడ కాదండీ అన్నారు. వెంకటపతి గారు చాలా మర్యాదగా విన్నారు. పదార్థమే కలుపుతున్నామన్నారు. పూర్వం కోటగోడల సున్నంలో బెల్లం, కరక్కాయ కలపలేదా, ఇప్పుడు సిమెంటులో ముల్లంగి రసం కలుపుతామన్నారు. మా శాఖలో కరక్కాయ కాలం నుంచీ విజ్ఞానం ఉందమ్మా, మీ శాఖే ఇప్పుడిప్పుడే వస్తోంది అని ఓదార్చారు కూడా.

గోడ కట్టే పని గౌరునాయుడికే దొరికింది. డాట్రమ్మకి కట్టే గోడ కదా అని సంబరపడ్డాడు. బొచ్చెలో ముల్లంగి గుజ్జు చూసి కాస్త తికమకపడి, సిమెంటులో ముల్లంగేత్తే సాంబారులో ఏటేత్తారని సాటి మేస్త్రీని అడిగాడు. ఇసక అన్నాడు అతను. ఆసుపత్రి క్యాంటీన్‌లో తిన్నవాడు కాబోలు.

మూడు వైపులా గోడ లేచాక గౌరునాయుడికి అసలు అనుమానం వచ్చింది. తాపీ పక్కన పెట్టి ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి, గుమ్మం ఎక్కడొగ్గీమంటారు బాబూ అని అడిగాడు.

వెంకటపతి గారు ఫైలు తిరగేశారు. ఉత్తర్వులో కాంపౌండు ఉందిగాని గేటు లేదు. గోడది కట్టుబడి పద్దు, గేటుది ఇనప పద్దు. ఇనప పద్దు వేరే అంతస్తులో ఉంటుంది. అదీగాక అసలు విషయం ఇంకోటుంది.

"నాయనా, గోడ ఎందుకు? రక్షణకి. రక్షణలో కన్నం పెడితే అది రక్షణా, లక్షణమా?"

ఆయన మాటలో ప్రాస ఉంది గనక గౌరునాయుడు ఎదురు చెప్పలేకపోయాడు. నాలుగోవైపు కూడా కట్టేశాడు. ఆఖరి ఇటుక పెట్టి, నెత్తిమీది గుడ్డ తీసి చెమట తుడుచుకున్నాక చూసుకుంటే, తను బయట ఉన్నాడు. మచ్చ కొలిచే మిషను లోపలుంది.

ప్రారంభోత్సవం మే నెల మిట్టమధ్యాహ్నం జరిగింది. వేరే నెలైతే గోడ పనిచేయదు గదా. గోడవార నాటిన ముల్లంగి మొక్కలు వాడి తలలు వాల్చాయి. దాన్ని వినయంగా భావించారు. సర్వోత్తమరావు గారు రిబ్బను కత్తిరించి, ఒక దుంప పీకించి, కడిగించి, కొరికారు. ఆ దుంపకి కింద రెండు చీలికలున్నాయి. కాళ్ళున్న దుంప కాలేయానికే పుట్టిందని ఆయన అంటే అందరూ నవ్వారు. కాసేపటికి ఆయనకి పెద్ద త్రేన్పు వచ్చింది. కాలేయం తేలికపడిందన్నారు. దాన్ని తొలి ఫలితంగా నమోదు చేసుకున్నారు.

మర్నాటినుంచి విభాగం ఎలా నడవాలన్నది ఉత్తర్వులో లేదు. వేలిముద్ర హాజరు మిషను గోడకి లోపలుంది గనక మందాకిని గారు లోపలే ఉండాలి. ఎలక్ట్రీషియను దగ్గర నిచ్చెన అరువు తెచ్చుకుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, గోడెక్కి దిగడం మొదలుపెట్టారు. ఆవిడా నర్సూ ఎక్కగలరు. తల తిరిగే రోగులు నిచ్చెనెక్కి పడితే అది ఎముకల విభాగం కిందికి వస్తుంది. వాళ్ళని ఎక్కనివ్వలేదు.

గౌరునాయుడి వంతు రోజు వచ్చింది. ఆవిడ లోపల స్టూలెక్కి గోడమీంచి తల బయటపెట్టారు. గోడ కింద నిలబడితే ఆవిడ కనపడరు గనక అతను రోడ్డుకి ఆవలివైపున నిలబడి తలెత్తాడు. మధ్య లారీలు. ఆవిడ గట్టిగా, మానేశావా అని అరిచారు. అతను నోరు తెరిచేలోగా వెనక వైన్‌షాపు వరసలోంచి నలుగురైదుగురు లేదు లేదని జవాబిచ్చారు. మాత్రల పొట్లం గోడమీంచి విసిరితే లారీలో పడి పొరుగు జిల్లాకి వెళ్ళిపోయింది. మచ్చ పెరిగిందో తరిగిందో చూడడానికి మిషను అతని దగ్గరికి రాదు, అతను మిషను దగ్గరికి పోలేడు. రోడ్డు దాటొచ్చి, తన చేత్తో కట్టిన గోడని అతను అరచేత్తో తట్టి చూశాడు. గట్టిగానే ఉంది. మొదటిసారి తన పనితనం మీద తనకే కోపమొచ్చింది.

నెలాఖరుకి లెక్క పై ఆఫీసుకి వెళ్ళింది. కాలేయ విభాగానికి వచ్చిన రోగులు: శూన్యం.

సర్వోత్తమరావు గారికి ఆనందబాష్పాలు వచ్చాయి. గోడ లేనప్పుడు వరండా నిండా రోగులు. గోడ లేచిన నెలనుంచి ఒక్కడూ లేడు. ఇంతకన్నా రుజువేం కావాలి? సమావేశం పెట్టి, జిల్లాలో కాలేయ వ్యాధి సమూలముగా నిర్మూలించబడినదని ప్రకటించారు. గుండె విభాగానికి ఒక కాంపౌండు, మూత్రపిండాలకి జంట కాంపౌండ్లు ప్రతిపాదించారు. కాన్పుల వార్డుకి కూడా కట్టేస్తే కుటుంబ నియంత్రణ పథకం వేరే అక్కర్లేదని ఒకాయన సూచించాడు. ఆ సూచనని హర్షధ్వానాలతో పరిశీలనకి తీసుకున్నారు.

మందాకిని గారు రెండో అర్జీ పెట్టారు. ఈసారి చాలా జాగ్రత్తగా, పూర్తిగా వైద్య భాషలో. మచ్చ ముదిరితే కాలేయానికి నెత్తురు తెచ్చే పెద్ద రక్తనాళంలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ నాళాన్ని వైద్యంలో పోర్టల్ నాళమంటారు. నా రోగులు లోపలికి రాలేకపోతున్నారు, ఇలాగే ఉంటే పోర్టల్ మీద ఒత్తిడి పెరిగి ప్రాణాలమీదికి వస్తుందని రాశారు.

జవాబు ఆశ్చర్యపోయేంత త్వరగా వచ్చింది. పోర్టల్ మీద ఒత్తిడి ఉన్నందున కొత్త పోర్టల్ మంజూరు చేశారు. కంప్యూటరుది. పేరు కాలేయవాణి. ఇకమీద రోగులు గోడదాకా రావలసిన పని కూడా లేదు, తమ కాలేయాన్ని పోర్టల్‌లో ఎక్కిస్తే చాలు. ఉత్తర్వుతోపాటు ఒక అట్టపెట్టె వచ్చింది. "మీరు తొలుత కోరిన మౌస్‌లు ఇందుతో జతపరచడమైనది." విప్పి చూస్తే తోకలున్నాయిగాని, వాటి చివర కంప్యూటరుకి గుచ్చే పిన్నులున్నాయి. వాటికి జిన్‌సెంగ్ పెట్టినా పెట్టకపోయినా కాలేయంలో మచ్చ పడలేదని ఆవిడ నిజాయితీగా రాసి పంపారు. పరిశోధన విజయవంతమైనందుకు అభినందనలు వచ్చాయి.

గౌరునాయుడు ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళాడు. పేరు అడిగింది, ఇచ్చాడు. ఓటీపీ అడిగింది, ఇచ్చాడు. కాలేయం ఫోటో అడిగింది. ఎక్కడినుంచి తెస్తాడు? కడుపు చూపిస్తే కాదంది. పైడితల్లికి చురుకైన బుర్ర. ఆదివారం మాంసం కొట్టు దగ్గరికెళ్ళి, తాజాగా వేలాడుతున్న కార్జం ఒకటి ఫోటో తీయించి ఇచ్చింది. పోర్టల్ పుచ్చుకుంది. మీ కాలేయము పరిశీలనలో ఉన్నది అంది. మర్నాడు ఫోనుకి ధ్రువపత్రం వచ్చింది. పైన రాజముద్ర, కింద సర్వోత్తమరావు గారి సంతకం. మీ కాలేయము నిర్మలముగా ఉన్నది, ఎట్టి మచ్చయు లేదు, మీరు వైద్య పరిధినుండి విడుదల చేయబడినారు.

ఆ సాయంత్రం గౌరునాయుడు ఆసుపత్రి రోడ్డుకి వచ్చి నిలబడ్డాడు. ఒకవైపు గోడ, ఒకవైపు షాపు. గోడకి గుమ్మం లేదు. షాపుకి తలుపులు లేవు. స్టూలు మీదికెక్కిన మందాకిని గారికి అతను ఎటువైపు తిరిగి ఉన్నాడో కనిపించింది. పేరు పెట్టి పిలిచారు. అతను ఫోను పైకెత్తి చూపించాడు, మాంసం కొట్టు సంగతి కూడా దాచలేదు.

"మచ్చే నేదని సర్కారు సెప్పీసింది గదమ్మా. ఇంక ఒక్క గుక్క తాగితే ఏటయిపోద్ది?"

"నాయుడూ, అది మేకది. మేక తాగదు. నీది నా దగ్గర మిషనులో ఉంది, ఆ మచ్చ అలాగే ఉంది."

"మరి రానివ్వరు గదమ్మా. రానిచ్చీవాడు ఆడొక్కడే." అని షాపుకేసి చూశాడు.

ఆవిడ గోడమీంచి ఇంకాస్త ముందుకి వంగారు. ఇదివరకటిలా అరవకుండా, నాకు కొంచెం గడువియ్యి, అందాకా అటు పోకు అన్నారు. అతను తల గోక్కున్నాడు. రోడ్డు మధ్యదాకా నడిచాడు, అక్కడ ఆగాడు, లారీవాడి చేత తిట్లు తిని ఇంటిదారి పట్టాడు.

ఆ తిట్టేదో తనకే తగిలినట్టు మందాకిని గారు లోపలికి దిగి మూడో అర్జీ రాశారు. మొదటి రెండూ అమాయకంగా రాసినవి. ఇది కాదు. ప్రతి మాటకీ పై ఆఫీసులో ఏ అర్థం పుడుతుందో పక్కన రాసుకుని చూసుకుని మరీ రాశారు. "కాలేయమునకు పోవు మార్గము పూర్తిగా మూసుకొనిపోయినది. గౌరునాయుడు అను రోగికి అత్యవసరముగా బైపాస్ అవసరము. అడ్డంకి తొలగించి తిన్నని మార్గము వేయనిచో ప్రాణాపాయము కలుగును." ఒక ప్రతి రోడ్ల శాఖకి పంపారు, సమాచారం నిమిత్తం.

బైపాస్ అన్న మాటకి మన ప్రభుత్వాల్లో ఉన్న బలం భగవంతుడికి కూడా లేదు. భగవంతుడి గుడి అడ్డమొచ్చినా పక్కకి జరుగుతుంది. వారం తిరక్కుండా సర్వే వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక, ఇన్‌చార్జి హోదాలో, గోడే వెంకటపతి గారే వచ్చారు. పసుపు రంగు డబ్బాతో నేలమీద గీత గీయించారు. గీత తిన్నగా వచ్చి ఆయన కట్టించిన గోడకి తగిలింది.

ఇది మీ గోడే కదండీ అన్నారు మందాకిని గారు.

"గోడ కట్టిన వెంకటపతి వేరు, బైపాస్ వేసే వెంకటపతి వేరమ్మా," అన్నారాయన గంభీరంగా. "ఆయన మీద నాకు గౌరవముంది. కాని అలైన్‌మెంటుకి అడ్డొస్తే నన్ను నేనే ఉపేక్షించను."

తిన్నగా వచ్చిన ఆ గీత రోడ్డు దాటాక మాత్రం వైన్‌షాపు మెట్ల దగ్గర చక్కగా వంపు తిరిగి వెళ్ళింది. అదేమిటండీ అంటే, అది ప్రభుత్వానికి రక్తనాళం, తెంపకూడదన్నారు. ఆవిడ వాదించలేదు. గోడ పోతే చాలు.

గోడ కూల్చే పని కూడా గౌరునాయుడికే ఇచ్చారు. కట్టినవాడికే దాని బలహీనత తెలుస్తుందని ఇంజనీరు గారి సిద్ధాంతం. దాని బలహీనత ఎవరికైనా తెలుస్తుంది, ముల్లంగి. గునపం రెండుసార్లు ఆడించేసరికి పులుసు వాసన కొడుతూ గోడ రోడ్డంత వెడల్పున కూలింది. దుమ్ము అణగకముందే అతను గునపం పారేసి, ఒళ్ళు దులుపుకుని, లోపలికి నడిచాడు. వెనక పైడితల్లి. దుంపలు వృథా పోవడమెందుకని ఆవిడ ఒళ్ళో నాలుగు వేసుకుంది.

మందాకిని గారు మిషను మీద పడుకోబెట్టారు. చూశారు. మళ్ళీ చూశారు. మచ్చ తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. ఏ దుంపా తినలేదు కదా అని అడిగారు. దుంపలన్నీ గోడకే పోయినాయమ్మా, తినడానికేటి మిగిలిందన్నాడు. రోడ్డు మధ్యలో ఆగి ఇంటికెళ్ళినవాడే తగ్గించాడని ఆవిడకి అర్థమైంది. కేసు కాగితంలో రెండే మాటలు రాశారు: తాగడం మానేశాడు, మచ్చ తగ్గింది.

ఆ కాగితం నకలు, పద్ధతి ప్రకారం, పై ఆఫీసుకి వెళ్ళింది.

సర్వోత్తమరావు గారు అందులో తనకు తెలిసిన మాటలు వెతుక్కున్నారు. గౌరునాయుడు, వృత్తి తాపీ పని. మచ్చ తగ్గింది. ఇంత పెద్ద జిల్లాలో జిన్‌సెంగ్ కాంపౌండుని చేతులారా కట్టిన రోగి అతనొక్కడే. తగ్గింది అతనికొక్కడికే. గోడ ఊరికే ఉంటే నివారణ, గోడ స్వయంగా కడితే చికిత్స. విజ్ఞానం ముందుకు పోయింది. వెంటనే ఉత్తర్వు వచ్చింది. "కాలేయమున మచ్చగల ప్రతి రోగియు, వయోలింగ భేదము లేక, తలకొక జిన్‌సెంగ్ గోడ కట్టవలసినది. మేస్త్రీ ధ్రువపత్రము జతపరచనిదే మాత్రలు ఇవ్వబడవు."

వరండా మళ్ళీ నిండింది. ఈసారి జనం చీటీలతోపాటు తాపీలు కూడా పట్టుకొచ్చారు. కొవ్వు కాలేయం ఉన్న ఒక బ్యాంకు మేనేజరు గారు, పట్టుపంచె ఎగ్గట్టి, ఇటుక ఎటువైపు నిలబెట్టాలని గౌరునాయుడిని వినయంగా అడుగుతున్నారు. ఆ రద్దీలోంచే అతని వంతు వచ్చింది. మందాకిని గారు తలెత్తకుండానే, అలవాటుగా అడిగారు.

"మానేశావా, నాయుడూ?"

"మందైతే మానీసినానమ్మా. గోడలే, ఆళ్ళు మాననిచ్చేలా నేరు."